వద్దన్న రోజున వచ్చినవాళ్లు

మా ఆడపడుచు కూతురు, నేను ఉద్యోగమంతా చేసిన క్యాంపస్‌లోనే ఇప్పుడు లెక్చరరు. మొన్న ఆదివారం పొద్దున్న తార్నాకలో మా ఫ్లాటుకు వచ్చి, నేను పెట్టిన ఉప్మా పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఒక కన్ను ఫోను మీదే ఉంచి, వాళ్ల అధ్యాపకుల సంఘం వచ్చేవారం ఒక తీర్మానం మీద ఓటు వేయబోతోందని చెప్పింది. ఎక్కడో యుద్ధం చేస్తున్న ఒక దేశపు విశ్వవిద్యాలయాలతో రాకపోకలు తెంచుకోవాలా, అక్కడి పండితులను మన సదస్సులకు పిలవడం మానాలా అన్నది ప్రశ్నట. వాళ్ల గ్రూపులో మెసేజీలు కుప్పపడి ఉన్నాయట, నిన్నటిదాకా ఒకే డబ్బాలో అన్నం తిన్న ఇద్దరు ఇప్పుడు ఎడమొహం పెడమొహంగా ఉన్నారట. అత్తయ్యా, మీరైతే ఎటు వేస్తారు అని అడిగింది. కాఫీ కలుపుతానని నేను లేచి వంటింట్లోకి వెళ్లాను గాని, కాఫీ వంక మాత్రమే. బహిష్కరణ అన్న మాట వినగానే మా పాత అద్దె ఇంటి వరండా, అక్కడ చాప మీద కూర్చున్న ఒక అమ్మాయి కళ్లముందుకొచ్చి, కాసేపు ఒంటరిగా ఉండాలనిపించింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన పాస్‌పోర్టు అన్ని దేశాలకూ చెల్లేది గాని దక్షిణాఫ్రికాకు చెల్లేది కాదు. అక్కడ తెల్లవాళ్లు తక్కిన రంగులవాళ్లందరినీ వేరే బస్తీల్లో, వేరే బళ్లలో, చివరికి వేరే విశ్వవిద్యాలయాల్లో పెట్టి పాలిస్తున్నారని మనం ఆ దేశంతో ఆటా మాటా అన్నీ మానుకున్నాం. మా సంఘం కూడా వెనకబడకూడదని, ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే ఎవరికీ మా క్యాంపస్‌లో వేదిక ఇవ్వబోమని ఏనాడో తీర్మానం చేసి పెట్టుకుంది. అక్కడినుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆ తీర్మానంవల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఏటా ఒకసారి చప్పట్లు కొట్టి దాన్ని మళ్లీ ఆమోదించి, క్యాంటీన్‌వాడి చాయ్ తాగి ఇళ్లకు పోయేవాళ్లం.

అప్పటి తార్నాక ఇప్పటి తార్నాక కాదు. మెట్రో స్తంభాలు, కోచింగు బోర్డులు లేవు, బస్సు దిగి రెండు సందులు తిరిగితే బండరాళ్లు, వాటి మధ్య మేకలు, అక్కడక్కడా వరండాలున్న ఇళ్లు. మేముండే ఇంటి వరండా మా వాటా గదులకంటే పెద్దది, అందుకే మా అత్తగారికి ఆ ఇల్లంటే ప్రాణం. ఆవిడది విజయనగరం వైపు పల్లె. హైదరాబాదు వచ్చి ఎన్నేళ్లయినా ఇక్కడి కూరగాయలకు రుచి లేదని, ఇక్కడి మనుషులకు తీరిక లేదని విసుక్కుంటూనే, వీధిలో పోయే ప్రతివాళ్లనూ పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది.

ఆ వరండాలోకే ఒకరోజు మా అత్తగారి తమ్ముడు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ముత్తాతను మా అత్తగారి ఊరి నుంచే ఓడెక్కించి, దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో కూలికి తీసుకెళ్లారు, నాలుగో తరానికి ఈమె చుట్టాలను వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ భారతీయుల కోసమని విడిగా కట్టిన విశ్వవిద్యాలయంలో లెక్చరరు. వాళ్ల నాయనమ్మ, ఆ తోటల్లోని ముసలమ్మలు పాడుకునే తెలుగు పాటలు కాసెట్ల మీదికి ఎక్కించి, చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది. నాయనమ్మ పోతూ పోతూ, ఈ పాటలు మన దేశంలో పదిమందిలో ఒక్కసారి వినిపించమని అడిగిందట. తెలుగునాట ఒక విశ్వవిద్యాలయంలో ఒక్క గంట మాట్లాడాలన్నది ఆమె కోరిక, అంతకుమించి ఏమీ అడగలేదు. మళ్లీ రానిస్తారో లేదో, రావడానికి వీలవుతుందో లేదో తెలియదు కాబట్టి ఆ గంట కోసమే ఆమె మా ఊళ్లో ఆగిపోయింది. మా అత్తగారు ఆమెకు ఓడమ్మాయి అని పేరు పెట్టింది, మూడోనాటికి ఆమె మా వంటింట్లో గోంగూర ఒలుస్తూ మా అత్తగారితో సమానంగా నన్ను కేకలేస్తోంది.

తెలుగు శాఖవాళ్లు సంబరంగా ఒప్పుకుని, తీరా తేదీ వేసే ముందు తీర్మానం గుర్తొచ్చి, ఈ ఒక్కసారికి మినహాయింపు ఇవ్వమని సంఘాన్ని అడిగారు. క్యాంటీన్ వెనక హాల్లో సమావేశం పెట్టారు. ఎప్పుడూ నలుగురు కునికిపాట్లు పడే చోట ఆ సాయంత్రం కిటికీల్లో కూడా మనుషులున్నారు. ఒకాయన లేచి, ఆమె ఆ అన్యాయం చేసినవాళ్లలో మనిషి కాదు, పడినవాళ్లలో మనిషి, దెబ్బతిన్నదాన్ని ఇంకో దెబ్బ కొట్టడం సంఘీభావం ఎలా అవుతుందని అడిగితే హాలంతా చప్పట్లు. ఇంకొకాయన, ఆమె మన తెలుగు బిడ్డ, పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు తలుపేస్తామా అని కళ్లు తుడుచుకున్నాడు. నేనప్పుడు సంఘానికి సహాయ కార్యదర్శిని. ఆ మాట దగ్గరే నాకు గుచ్చుకుంది. తెల్లవాడు వస్తే వద్దని, మనవాళ్లొస్తే రమ్మంటే, మనమూ రక్తం చూసే తలుపు తీస్తున్నట్టు కదా? ఆ దేశంలో పోరాడుతున్నవాళ్లు తమను వేరే పెట్టి కట్టిన ఆ విశ్వవిద్యాలయాలతో ఎవరూ సంబంధం పెట్టుకోవద్దని లోకాన్ని బతిమాలుతుంటే, మనం చుట్టరికం చూసి సందు ఇవ్వడమేమిటి? ఆమె మా ఇంట్లోనే ఉంటోంది కాబట్టి, ఈ మాట ఇంకెవరో అనడంకంటే నేనే అనడం మర్యాదనిపించి, మినహాయింపు వద్దని నేనే తీర్మానం పెట్టాను. వాదన చాలాసేపు సాగింది, చేతులెత్తితే కొద్ది తేడాతో నాదే నెగ్గింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మా సంఘానికి ఒక ఆచారం ఉండేది. ఎవరి మీదైనా తీర్మానం చేస్తే కాగితం పంపి ఊరుకోకూడదు, దాన్ని ప్రతిపాదించినవాళ్లే ఆ మనిషి ఎదటికి వెళ్లి, కూర్చుని, నోటితో చెప్పాలి. ఇది పెట్టింది మా అధ్యక్షుడు. నల్లగొండ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, క్యాంపస్ మొత్తానికి అన్న. ఆయన స్వయంగా మినహాయింపు ఇవ్వాలన్నవాళ్ల వైపు చెయ్యెత్తి ఓడిపోయాడు. అయినా నా మీద కోపం లేకుండా, చెప్పులేసుకుంటూ దగ్గరికొచ్చి అన్నాడు.

"చెల్లె, పెట్టినోళ్లే పోయి చెప్పాలె, గది మన రివాజు. ఎదురుంగ చెప్పలేని మాట మనం తీర్మానం చేసుడే తప్పు."

నేను సరేనన్నాను గాని, క్యాంపస్ నుంచి ఇంటిదాకా నడిచిన ఆ దూరం నాకు ఇప్పటికీ కాళ్లలో ఉంది. నేననుకున్నది సరైనదేనన్న నమ్మకం ఎక్కడా సడలలేదు, ఇవాళ అడిగినా అదే అంటాను. కానీ ఇంటికెళ్తే ఓడమ్మాయి నవ్వుతూ ఎదురొస్తుందని తెలుసు, ఆ నవ్వు చూడ్డానికి భయమేసింది. అనుకున్నట్టే వచ్చింది. మా అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను చెప్పుల్ని విడవకుండానే, వరండా అంచున కూర్చుని, మొత్తం చెప్పేశాను, ప్రతిపాదించింది నేనేనని కూడా చెప్పాను. ఆమె చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చిన ఆ పాతకాలపు తెలుగులో, మెల్లగా మాట్లాడింది.

"అక్కా, ఈ బాయ్‌కాట్ చెయ్యండని లోకాన్ని అడిగినోళ్లలో నేనూ ఉన్నాను. అది నా దాకా వస్తాదని తెలుసు. వచ్చినాక ఇంత నొప్పెడతాదని తెలవలేదు."

నాకు ఏడుపాగలేదు. ఆమే నా వీపు నిమిరింది, అది ఇంకా కష్టమనిపించింది. మా అత్తగారికి ఈ రాజకీయాలేవీ పట్టలేదు. ఆవిడ చేట పక్కన పెట్టి, నా వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది.

"మన వరండాక్కూడా తీర్మానం పెట్టేరేటమ్మా?"

పెట్టలేదు. మర్నాడు నేను వెళ్లి, ఆమె పాటలు మా వరండాలో వినిపించవచ్చా అని అన్నను అడిగితే, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇది బహిష్కరణను దొడ్డిదారిన తప్పించుకోవడం అవుతుందా కాదా అని నిజంగానే చాలాసేపు ఆలోచించాడు. నోటీసు ఉండకూడదు, బ్యానరు, దండ, మైకు, అధ్యక్షత ఏమీ ఉండకూడదు, శాఖ పేరు ఎత్తకూడదు, మినిట్స్‌లో రాయకూడదు, ఎవరూ ఎవర్నీ పిలవకూడదు అని తేల్చాడు. తాను మాత్రం మా అత్తమ్మను చూడనీకి వస్తానని, అది ఎవరూ కాదనలేరని అన్నాడు.

ఆ సాయంత్రం మా అత్తగారు వరండా కడిగించి చాపలు పరిచి, మా వాటాకూ పక్క వాటాకూ సరిపడా చాయ్ పెట్టింది. అది చాలలేదు. ఎవర్నీ పిలవలేదు గాని, ఒక్కొక్కరూ ఒక్కో సాకు పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. ఒకాయనకు తులసి మొక్క కావలసి వచ్చింది, ఒకావిడకు పళ్ల డాక్టరు చిరునామా కావలసి వచ్చింది, లెక్కల మేష్టారు ఈ దారిన ఇంటికి పోతూ ఆగానన్నాడు, ఆయనిల్లు క్యాంపస్‌కు సరిగ్గా అవతలి దిక్కున. హాల్లో నావైపు నిలబడి అందరికంటే గట్టిగా వాదించిన ఎకనామిక్స్ ప్రొఫెసరు, ఎప్పుడూ ఎవరింటికీ వెళ్లని మనిషి, పెరుగు తోడుకు కాస్త మజ్జిగ ఉంటుందా అని చిన్న గిన్నె పట్టుకొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వరండా నిండిపోయి, మెట్లు నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్లు గోడ అవతల సైకిళ్లకు ఆనుకుని నిలబడ్డారు.

ఓడమ్మాయి కాసెట్టు పెట్టి, ఆపి, మాట్లాడి, మళ్లీ పెట్టింది. వడ్లు దంచేటప్పటి పాటలవి, మధ్యలో రోకటి దెబ్బకు బదులు ఏదో రేకు డబ్బా చప్పుడు. అక్కడ వడ్లు లేవు, రోళ్లు లేవు, అయినా పాట పోనివ్వకుండా ఆడవాళ్లు డబ్బా కొట్టుకుంటూ పాడుకున్నారని ఆమె చెబుతుంటే ఎవరూ కదల్లేదు. ఒక పాట సగంలో మా అత్తగారు తనకు తెలియకుండానే గొంతు కలిపింది. ఆమె కాసెట్టు ఆపేసింది, మా అత్తగారు సిగ్గుపడి ఆగిపోయింది, తర్వాత ఇద్దరూ కలిసి చివరిదాకా పాడారు. అంతా అయ్యాక, అలవాటు చొప్పున తెలుగు శాఖ రీడరుగారు గొంతు సవరించుకుని వందన సమర్పణకు లేవబోతే, అన్న ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఎకనామిక్స్ ప్రొఫెసరు గిన్నె మా మెట్ల మీదే మర్చిపోయి వెళ్లాడు.

ఆ తర్వాత మనందరికీ తెలిసిందే, కొన్నేళ్లకు ఆ దేశంలో గోడలు కూలాయి, అందరూ ఒకే వరసలో నిలబడి ఓటేశారు. మా సంఘం పాత తీర్మానాన్ని ఎత్తేసింది. ఓడమ్మాయిని సగౌరవంగా పిలవాలని నేనే ప్రతిపాదించి, ఆచారం ప్రకారం నేనే తార్నాక చౌరస్తాలో ఐఎస్‌డీ బూత్ నుంచి ఫోన్ చేసి నోటితో చెప్పాను. అవతల ఆమె ఏడ్చేసింది, ఇవతల మీటరు తిరుగుతూనే ఉంది.

వచ్చింది. జుట్టు నెరిసింది, ఆమె ఇప్పుడు ప్రొఫెసరు. పెద్ద హాలు, ఆమె పేరుతో బ్యానరు, బల్ల మీద బంతిపూలు, మంచి మైకు, అధ్యక్షులు, ముఖ్య అతిథి, అన్నీ ఉన్నాయి. మనుషులు లేరు. ఒకరికి పేపర్ల వాల్యుయేషను, ఒకరికి పిల్లల ఎంట్రన్సు కోచింగు, ఒకరికి క్రికెట్టు, ఇంకొకరికి సాయంత్రం ట్రాఫిక్కు. మా అత్తగారు అప్పటికే లేదు, అన్న రిటైరై ఊరెళ్లిపోయాడు. ముందు వరసలో మేం కొద్దిమందిమి, వెనకాల అటెండెన్సు కోసం కూర్చోబెట్టిన విద్యార్థులు. ఆమె అదే శ్రద్ధతో, అంతకంటే చక్కటి తెలుగులో మాట్లాడింది, నేను తలెత్తలేకపోయాను.

అయ్యాక ఇద్దరం క్యాంపస్ నుంచి తార్నాక వైపు నడిచాం. నేను జనం రాలేదని ఏదో సర్దిచెప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"వద్దక్కా. ఆ రోజు మీరు నన్ను వద్దన్నారు గాని, అందరూ వచ్చేరు. మా నాయనమ్మ అడిగింది ఆ రోజే అయిపోయింది."

కాఫీ తెచ్చి మా ఆడపడుచు కూతురికిచ్చి, ఇదంతా చెప్పాను. ఎటు ఓటెయ్యమని మాత్రం చెప్పలేదు, అది వాళ్ల కాలం, వాళ్ల తీర్మానం. తీర్మానం నెగ్గితే ఆ దేశపు పండితులకు ఎవరు చెబుతారని మాత్రం అడిగాను. మెయిల్ వెళ్తుంది అత్తయ్యా, అంది. అందులో దాని తప్పేమీ లేదు, పనులు ఇప్పుడు అలాగే జరుగుతాయి. మా వరండా ఉన్నచోట నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి, కింద వాచ్‌మన్ ఉంటాడు, ఎవరింటికి ఏం పని మీద వచ్చారో రిజిస్టర్లో రాయమంటాడు. ఇప్పుడెవరూ ఎవరి మెట్లూ ఎక్కి కాదని చెప్పనక్కర్లేదు, మజ్జిగ గిన్నె పట్టుకుని వచ్చి పాట వినిపోనూ అక్కర్లేదు. ఓటు ఎటు పడ్డా దిగులు లేదు గాని, ఆ సాకులు పెట్టుకుని వచ్చే మనుషుల కోసం నాకు ప్రాణం కొట్టుకుంటుంది.