వాననీళ్ళ పప్పు

మా ఊరి బావినీళ్ళు ఉప్పన. వాటితో కందిపప్పు పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా ఉడికినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. తాగడానికి కాలవ నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళం గానీ, వంటక్కూడా అన్ని బిందెలు ఎవరు మోస్తారు? అందుకని వానాకాలం రాగానే మా అమ్మ పెరట్లో నాలుగు గుంజలు పాతి, నాన్న పాత పంచె నాలుగు మూలలూ వాటికి కట్టి, మధ్యలో ఒక గుండ్రాయి వేసేది. పంచెలో పడ్డ వాన రాయి దగ్గరికి జారి, కింద పెట్టిన గంగాళంలోకి ధారగా కారేది. ఆ నీళ్ళు కుండలకెత్తి, మూతలు పెట్టి, నెలల తరబడి పప్పుకి మాత్రమే వాడేది. ఇంకెందుకైనా ముట్టుకున్నామా, చేతిలో ఏది ఉంటే దాంతో ఒక్కటిచ్చేది. నాన్నకి పప్పు లేందే ముద్ద దిగదు మరి.

ఎనభైల మొదట్లో ఏటవతల బొగ్గుతో కరెంటు తయారుచేసే చోట పెద్ద పొగగొట్టాలు లేచాయి. తాడేపల్లికి పడమరగా, కాస్త మెరకలో ఉన్న మా ఊళ్ళో ఏ డాబా ఎక్కినా కనిపించేవి. ఊరందరికీ సంబరమే. నేనప్పుడు గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతూ బ్రాడీపేటలో ఒక గదిలో ఉండేదాన్ని. మా ఊళ్ళో డిగ్రీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని. ఆ సంగతి ఊరు మర్చిపోయినా నేను మర్చిపోనిచ్చేదాన్ని కాదు.

చలికాలంలో గాలి ఏటి మీదుగా మావైపు తిరిగింది. పొద్దున్నే లేచేసరికి అరుగు మీద సన్నటి బూడిద. ఆరేసిన బట్టల మీద బూడిద. వంగ మొక్కల ఆకుల మీదా అదే. అమ్మ తిట్టుకుంటూ ఊడ్చేది. నాన్న మాత్రం చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మావైపు మొక్కలకి పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లడం అలవాటు.

"అమ్మాయ్, ఇదీ మన పొయ్యి బూడిదా ఒకటేనంటావా?" అని అడిగాడు.

"ఏ బూడిదైనా బూడిదే నాన్నా. పొటాష్ ఉంటుంది. మొక్కకి బలం," అన్నాను.

నేను చదివింది కట్టెల బూడిద గురించి. బొగ్గు బూడిద గురించి ఒక్క ముక్క చదవలేదు. అయినా చెప్పేశాను. చదువుకున్న నోరు, ఊరుకుంటుందా?

నాన్న ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఆషాఢంలో మిరప నారుమడి పోసే వేళకి ట్రాక్టరు తీసుకుని, బ్యారేజీ దాటి వెళ్ళి, అక్కడ గుట్టలుగా పడున్న బూడిద తొట్టినిండా ఎత్తుకొచ్చాడు. నువ్వు చెప్పావనే తెచ్చానని నాతో ఒక్కసారి కూడా అనలేదు. విత్తనం చల్లి, పైన బూడిద పలచగా పరిచి, చేత్తో సర్ది, తృప్తిగా గట్టు మీద కూర్చున్నాడు. ఆ మడి నారు మీదే ఆ ఏడు మా చేనంతా ఆధారపడి ఉంది.

రెండు రోజులకి జల్లు పడింది. ఆ తర్వాత ఎండ కాసింది. పొయ్యి బూడిదైతే ఇట్టే మట్టిలో కలిసిపోయేది. ఇది సిమెంటులా బిగుసుకుపోయి పెచ్చు కట్టింది. వారం దాటినా మడిలో పచ్చదనం లేదు. అక్కడక్కడా తల ఎత్తిన మొలకల ఆకులు అంచులు మాడిపోయి ఉన్నాయి. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని గోటితో ఒక పెచ్చు లేపాడు. కింద తెల్లటి మొలకలు, పైకి రాలేక, వంకర తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయున్నాయి. అయ్యో, ఇప్పటికీ ఆ తెలుపు నా కళ్ళ ముందే ఉంది.

పక్క చేను ఆయన గట్టు మీది నుంచే అరిచాడు. "ఏందిరా ఇది! ఎవుడు చెప్పాడ్రా నీకీ తెలివి?"

"ఎవురూ చెప్పలా. నా బుద్ధే గడ్డి తిన్నది," అన్నాడు నాన్న.

నేను ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తిట్టినా బాగుండేది, నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎక్కడెక్కడో తిరిగి ముదురు నారు తెచ్చి ఆలస్యంగా నాటాడు. దానికి బొబ్బర తెగులు పట్టి ఆకులన్నీ ముడుచుకుపోయాయి.

ఈసారి నేను నోరు మూసుకుని లైబ్రరీకి వెళ్ళాను. బొగ్గులో గంధకం ఉంటుందని, అది కాలి పొగతో పాటు పైకి పోయి, మబ్బుల తేమలో యాసిడ్ అయి, వానతో కిందికి దిగుతుందని ఒక పుస్తకంలో ఉంది. ఎక్కడో చలిదేశాల్లో చెరువుల్లో చేపలు చచ్చాయట, రాతి బొమ్మల ముక్కులు కరిగాయట. చదువుతుంటే నాకు ఆ బొమ్మలు కాదు, అమ్మ పంచె గుర్తొచ్చింది. ల్యాబ్‌లో, యాసిడ్ తగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాగితాలు నాలుగు కొట్టేసి ఇంటికి వచ్చాను.

ఆశ్వయుజంలో ఈశాన్యం నుంచి ముసురు పట్టింది. మబ్బు కిందికి దిగితే పొగ పైకి లేవలేక ఏటి మీద పరుచుకుని మావైపు పాకుతూ వచ్చింది. గొంతులో గరగర. పొగగొట్టాలు కనిపించడం మానేశాయి. వాన వెలిశాక అమ్మ పంచె విప్పింది. రాయి ఉన్న చోట బూడిదరంగు మరక. గంగాళంలో నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. కాగితం ముంచాను. నీలం పోయి మెల్లగా ఎర్రబడింది.

"ఏమంటది నీ కాగితం?" అన్నాడు నాన్న, నా పక్కన గొంతుకూర్చుని.

మామూలు వాననీళ్ళు కూడా గాల్లోని బొగ్గుపులుసు వాయువు కలిసి కాస్త పుల్లబడతాయి. అది కూడా పుస్తకంలోనే ఉంది. మరి ఈ ఎరుపులో ఆకాశానిది ఎంత, ఆ గొట్టాలది ఎంత? బూడిదలో ఇంకేమేం కలిసున్నాయి? నా కాగితం అంతవరకే చెప్పగలదు. నాకు అంతకంటే తెలియదు.

"ఈ నీళ్ళు తినే దాంట్లో వాడొచ్చా, వాడకూడదా? ఒక్క ముక్క చెప్పమ్మా," అన్నాడు.

నారుమడి పాడైన తర్వాత కూడా నన్నే అడుగుతున్నాడు.

"తెలీదు నాన్నా. కనుక్కుని చెప్తా."

"సరే. నిదానంగానే కనుక్కో." అమ్మ వైపు తిరిగాడు. "అమ్మాయి చెప్పేదాకా ఈ నీళ్ళు వాడమాక."

అమ్మ సణుగుతూనే కుండలన్నీ దొడ్లో పారబోసింది.

కనుక్కుందామని తిరిగాను. మా లెక్చరర్‌ని అడిగితే, "పరీక్షలో రాదులేమ్మా, వదిలెయ్," అని నవ్వాడు. ఆఫీసులకి ఉత్తరాలు రాశాను, ఒక్క జవాబూ రాలేదు. చదువైపోయింది, పొరుగూరి హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను. ఏటవతల గొట్టాలు పెరిగాయి. ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ కంచంలో బావినీళ్ళ పప్పే. నాన్న దవడ నొప్పెడుతుంటే ఒక పక్కకి తోసుకుని పటపటా నమిలేవాడు. కనుక్కున్నావా అని మొదట్లో అడిగేవాడు, తర్వాత అడగడం మానేశాడు. నా మీద ఆశ వదులుకున్నాడనే అనుకున్నాను. కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది, ఛీ.

ఆ దశాబ్దం చివర ఒక ఏడు, తొలకరి ముందు, వంటింట్లో నీళ్ళు తాగుతున్నాను. పెరట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమయ్యో, ఈ ఏడన్నా పంచె కట్టేదా? ఈ పలుకులు నమల్లేక చస్తన్నాం."

"ఉండవే," అన్నాడు నాన్న. "అమ్మాయి ఇంకా చెప్పలేదుగా."