మామ పగడాలు, అత్త సాంబ్రాణి

మామ పోయిన సంగతి అత్త ఫోనులో చెప్పలేదు. "తొట్లో మోటారు ఆపల్నా వద్దా తెల్ల పాపా, నువ్వు బిర్నా రా" అని మాత్రం అనింది. మామ ఉండగా ఆ ప్రశ్న ఇంకొకరు అడగాల్సిన పనే లేదు. హరూర్ నుంచి ధర్మపురి దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధర్మపురిలో సముద్రం ఎక్కడుందని అడిగితే మా మామ ఇంటి హాల్లో ఉందని చెప్పేవాళ్లం. అద్దాల తొట్టి, అందులో ఉప్పునీళ్లు, నీలం దీపం, రాళ్ల మీద పగడాలు. ఉంగరంలో పొదిగేవి కాదండోయ్, ప్రాణమున్నవి, తినేవి, అలిగేవి. "ఊర్లో అందురూ ఉప్పు కూరలో ఏస్తారు, నా మొగుడు తొట్లో ఏస్తాడు" అని అత్త వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. మామ నవ్వి ఊరుకునేవాడు.

ఆ పగడాల్లో పుట్టగొడుగులా ఉండే పెద్దదొకటి మామకు ప్రాణం. దాని తల నిండా సన్నటి వేళ్లు, నీళ్లు కదిలినప్పుడల్లా ఊగేవి. ఏమాత్రం తేడా వచ్చినా వేళ్లన్నీ లోపలికి లాక్కుని ముడుచుకునేది. అందుకే దానికి 'కొత్తల్లుడు' అని పేరు పెట్టాడు. అది ముడుచుకున్న రోజు మామ మొదట చేతులు కట్టుకుని తొట్టి ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు. "ఏదో ఒకటి చెయ్ మామా" అని నేను తొందరపెడితే, "సుమ్మా ఉండు పాపా, ముందు సూడు. దానికేమాయనని అడగొద్దు, మనమేం చేస్తిమని అడుగు" అనేవాడు.

అడిగేవాడు కూడా, తనను తానే, పైకే. ఎండలకు నీళ్లు ఇగిరి ఉప్పు ఎక్కువైందా? ఫ్యాను ఆగి నీళ్లు వేడెక్కాయా? క్యాను నీళ్లకు బదులు ఎవరైనా బోరు నీళ్లు పోశారా? ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. "రెండు మారిస్తే ఏది బాగు చేసెనో ఏది చెరిపెనో ఆ దేవునికే తెల్ల" అనేవాడు. కడత్తూరులో ఆయన స్నేహితుడొకాయన జబ్బు చేసిన పగడానికి దొరికిన మందులన్నీ ఒకేరోజు పోసి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, తొట్టి మొత్తం పోగొట్టుకున్నాడు. మామ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. తన పగడంలోంచి ఒక ముక్క కోసి ఇచ్చి వచ్చాడు.

ఒక ఏడాది కొత్తల్లుడు వారం వారం అలగడం మొదలుపెట్టాడు. నీళ్లు బాగున్నాయి, ఉప్పు బాగుంది, దీపం బాగుంది. అయినా శనివారం వచ్చేసరికి ముడుచుకుని ఉండేవాడు. మామ చూసి చూసి కనుక్కున్నాడు. శుక్రవారం సాయంత్రం అత్త ఇల్లంతా సాంబ్రాణి పొగ వేస్తుంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. తొట్టి కింద ఒక యంత్రం ఉంది, గాలి బుడగలు ఊది నీళ్లలోని మురికిని నురగగా పైకి తీస్తుంది. ఆ గాలిని అది హాల్లోంచే పీల్చుకుంటుంది. గాలితో పాటు పొగా నీళ్లలోకి పోతోందన్నమాట.

"అత్తకు చెప్పేస్తే సరిపోతుంది కదా" అన్నాను.

"చెప్తే ఆమె పొగ ఏసేది నిలిపేస్తాది. ఆమె నిలిపేది నాకు వద్దు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే యంత్రానికి పొడుగాటి గొట్టం తగిలించి, కొసను కిటికీ ఊచల్లోంచి బయట పెట్టాడు. "దాని ముక్కు బయట పెట్టినాను. ఇంగ మీయత్త ఎంత పొగైనా ఏసుకోనీ." ఆ తర్వాత కొత్తల్లుడు శనివారాలు అలగలేదు. అత్తకు ఏమీ తెలియదు. గొట్టమెందుకని అడిగితే "అది అట్లనే" అన్నాడట మహానుభావుడు!

కర్మలు అయిపోయిన రోజు ఆగలేక అత్తకు ఇదంతా చెప్పాను. ఆమె లేచి కిటికీ దాకా వెళ్లి ఆ గొట్టాన్ని చేత్తో తడిమి వచ్చింది.

కొన్ని వారాలకు మళ్లీ ఫోను. "పాపా, కొత్తల్లుడు కండ్లు తెరవడంలేదు. పైన మైనం మాదిరి పొర కట్టింది. మీ మామ ఎంటే పోతాడేమో." తొట్టి అమ్మేయమని చుట్టాలు చెబుతున్నారట. అత్త గొంతులో భయం విన్నాక ఒక్క క్షణం ఆగలేకపోయాను. మామ వదిలిపోయిన ప్రాణం అదొక్కటే ఆమె చేతిలో ఉంది.

వెళ్లి మామ కుర్చీలోనే కూర్చున్నాను. చెయ్యి పెట్టకుండా చూశాను. ఉప్పు సరిగానే ఉంది. వేడీ సరిగానే ఉంది. అత్త క్యాను నీళ్లే పోస్తోంది. ఇక మనమేం చేస్తిమి? చూస్తూండగానే సాయంత్రమైంది. అత్త సాంబ్రాణి కప్పు వెలిగించి, పొగ లోపలికి రాకుండా కొంగు అడ్డం పెట్టుకుని, గబగబా బయటికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఆ కప్పును ఆమె సరిగ్గా కిటికీ కింది అరుగు మీద పెట్టింది.

"ఇట్ల రోజూ ఇక్కడే పెడతా ఉండావా అత్తా?"

"అవును పాపా. ఆయనకని రోజూ ఏస్తా ఉండాను. నువ్వు చెప్పినాక లోపల ఏసేదానికి మనసొప్పలేదు. పాపం దానికి పడదు కదా."

"అయ్యో అత్తా, దాని ముక్కు కిందనే పెట్టినావు కదా!"

తలెత్తి చూసింది. పొగ నేరుగా గొట్టం కొసలోకి పోతోంది. ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది, మామ పోయాక నేను చూసిన మొదటి నవ్వు అది. నవ్వుతూనే అరుగు మీద కూలబడి ఏడ్చింది. "ఆయన ఉండింటే ఎంత నవ్వుండునో" అంది. నేనూ ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు.

"ఇంగ యాడ పెట్టమంటావు?" అంది కళ్లు తుడుచుకుని.

"ఎప్పుడూ ఏసేచోటే అత్తా, లోపల. నువ్వు ఏసుకోవాలనే కదా మామ అంత గొట్టం లాగింది."

మరో శుక్రవారం వెళ్లాను. అత్త సాంబ్రాణి పట్టుకుని గదులన్నీ తిరిగింది. మామ ఫోటో ముందు కాసేపు నిలబడింది, తర్వాత తొట్టి ముందు. పొగ అద్దాన్ని రాసుకుంటూ పైకి పోతోంది. అద్దం అవతల కొత్తల్లుడు పొర వదిలించుకుని, వేళ్లన్నీ చాచి, మెల్లగా ఊగుతున్నాడు.