మామ్మ ఎంచుకున్న దగ్గరి చూపు లెన్సు

కాదండీ, మామ్మ పోయింది కంటి ఆపరేషన్ వల్ల కాదు. ఆ కన్ను చివరిదాకా బాగానే ఉంది. మొన్న నిద్రలోనే మామ్మ గుండె ఆగిపోయింది. రాయగడలో మా పక్కింటి మామ్మ. ఎవరూ అడగలేదు, నాకే చెప్పాలనిపించింది. నలుగురిలో నాకు మాట రాదు. అందుకే ఫోన్లో రాస్తున్నాను.

ఈ తెలుగు అక్షరాలు ఆవిడ నేర్పినవే. బడిలో నేను చదివింది ఒడియా, అదీ ఆరో క్లాసుతో సరి. మామ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ నా చేత రాయించేది. "అంత తొందరేట్రా? అచ్చరం పారిపోద్దేటి?" అనేది.

ఆవిడకి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయే జబ్బు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో పొద్దున, సాయంత్రం చుక్కలు నేనే వేసేవాణ్ణి. గుడ్ ఫ్రైడే ముందు నలభై రోజులు మామ్మ సాయంత్రం దాకా ఉపవాసం.

"పొద్దున్న ఒద్దురా. కంట్లో ఏస్తే గొంతులోకి సేదు దిగుతాది. ఉపాసం పోద్ది."

నేను సీసాకి మూత పెట్టేశాను. రెండేళ్ళు ఆ ఉపవాసాల్లో అలాగే. వాళ్ళ కోడలికి చెబుదామనుకుని చెప్పలేదు.

తర్వాత కుడి కన్నూ మసకబారింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. "పోయిన చూపు తిరిగి రాదమ్మా, ఉన్నది కాపాడదాం" అన్నారు డాక్టరు గారు. శుక్లం తీసి లెన్సు పెట్టడం, ఒత్తిడి తగ్గించడం రెండూ ఒకే ఆపరేషన్లో చేస్తామన్నారు. "చుక్కలు రోజూ వేస్తున్నారా?" అని అడిగారు. 

మామ్మే చెప్పింది. "ఈడు ఏస్తానన్నాడు బాబూ. నేనే ఒద్దన్నాను."

దూరం, దగ్గర రెండూ కనిపించే లెన్సు ఇలా నరం దెబ్బతిన్న కంటికి మంచిది కాదట. ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండోదానికి కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

"దూరానిదే ఎయ్యించుకోండత్తా, రోడ్డు మీద పడిపోతారు" అంది కోడలు.

"దూరంగా ఉన్నోలు కేకేస్తారే అమ్మీ. అచ్చరాలు కేకెయ్యవు కదా!"

కన్ను కుదుటపడ్డాక ఒకరోజు నా గడ్డం పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుంది. "ఒరే, నీకు మీసాలొచ్చేయి! ఎవుల్నడిగి పెంచేవురా?" సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఏడాది ఉపవాసాల్లో తనే పిలిచి, "సేదు దిగితే దిగనీ, ఏసీరా" అని తల వెనక్కి వాల్చింది.

నన్ను ఒక్కసారీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎడమవైపు నుంచి పిలిస్తే పాపం తల మొత్తం తిప్పి వెతుక్కునేది. అందుకని నేనెప్పుడూ కుడివైపుకే వెళ్ళేవాణ్ణి. మొన్న ఆవిడ శవపెట్టె దగ్గర కూడా కుడివైపే నిలబడ్డాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఉపవాసమని కంటి చుక్కలు వద్దంటే, మీరూ నాలాగే ఊరుకుంటారా?