పందొమ్మిది అంగుళాల పంతం

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక జనవరి నెలలో, మా కంపెనీ తయారుచేస్తున్న కొత్త ఎలక్ట్రిక్ కారుకు శీతకాలపు టైర్లూ చక్రాలూ ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. మా ఆఫీసు మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఉండేది. టైర్లు, చక్రాల విభాగంలో నేను రిలీజ్ ఇంజనీరుని. బయటివాళ్ళకు ఈ మాట అంతగా తెలియదు. ఒక భాగం కారుకు పనికొస్తుందని తేల్చి, సంతకం చేసి, ఫ్యాక్టరీకి వదిలే మనిషి రిలీజ్ ఇంజనీరు. ఆ సంతకం లేనిదే భాగం కదలదు. కదిలాక ఏం జరిగినా మొదట పిలిచి అడిగేది కూడా ఆ మనిషినే.

కారు మామూలు కారు కాదు. ముందొక మోటారు, వెనకొక మోటారు, అడుగున బరువైన బ్యాటరీ. కాలు ఆనించీ ఆనించకముందే వీపు సీటుకు అతుక్కుపోయేంత వేగం. వేసవికి దానికి ఇరవై ఒక్క అంగుళాల చక్రాలు. ముందు టైర్ల కన్నా వెనక టైర్లు ఇంకా వెడల్పు. చూడటానికి బాగుంటాయి, ఎండిన రోడ్డు మీద బాగా పట్టుకుంటాయి. చలి ముదిరితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. మంచు పడ్డ రోడ్డు మీద అది టైరూ కాదు, బ్రేకూ కాదు. అందుకే చలి రాష్ట్రాల్లో కొనేవాళ్ళకు నాలుగు చక్రాలకు మెత్తటి రబ్బరుతో చేసిన వింటర్ టైర్లు బిగించి, ఒక సెట్టుగా కంపెనీయే అమ్ముతుంది. దాన్నే వింటర్ ప్యాకేజీ అంటారు.

ఎంపికలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది బరువు. ఎలక్ట్రిక్ కారును మోయగల టైరు దొరకాలి. మోయగలదో లేదో టైరు పక్క గోడ మీద ముద్రించిన అంకె చెబుతుంది. ఆ అంకె తగ్గితే మిగతావి ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే. రెండోది బ్రేకు. వేగం ఎక్కువ గనక ఈ కారు బ్రేకులు పెద్దవి, వాటి మీదికి ఎక్కేంత చక్రం కావాలి. చక్రానికీ బ్రేకుకూ మధ్య సందులో మంచు దూరి గడ్డకడుతుంది కాబట్టి దానికీ చోటు వదలాలి. ఇవన్నీ చూసుకుంటే మాకు వీలైన అతి చిన్న చక్రం పందొమ్మిది అంగుళాలు. చక్రం తగ్గిన మేరకు టైరు గోడ ఎత్తు పెరుగుతుంది, మొత్తం చుట్టుకొలత మారదు, స్పీడోమీటరు తప్పు చెప్పదు. ఎత్తయిన గోడ మార్చిలో మంచు కరిగి మా రోడ్లకు పడే గుంతల దెబ్బ కాచుకుంటుంది. సన్నటి టైరు మంచును కోసుకుంటూ అడుగుకు దిగుతుంది. వెడల్పు టైరు దాని మీద తేలుతుంది. నాలుగూ ఒకే కొలత అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ సమంగా అరగదీయవచ్చు. నా ఎంపిక పందొమ్మిది.

మార్కెటింగ్ విభాగానికి ఇరవై ఒకటి కావాలి. అదే పెద్ద చక్రానికి వింటర్ టైరు తొడిగి అమ్ముదామన్నారు. షోరూములో కారును చూసి మోజుపడ్డ మనిషికి నవంబరు రాగానే చిన్న చక్రాలు చూపిస్తే మొహం మాడిపోతుందని వాళ్ళ వాదన. ఆ వాదనను నా దాకా మోసుకొచ్చింది మురళి. ప్రోగ్రాం మొత్తానికి చీఫ్ ఇంజనీరు, వరంగల్ వాడు, నా కన్నా పదిహేనేళ్ళు చిన్న. ఆఫీసులో నన్ను శారద అని పేరుపెట్టి పిలిచేవాడు. శని ఆదివారాల్లో మా ఇంట్లోనో వాళ్ళింట్లోనో కలిస్తే అక్కా అనేవాడు. అక్కడి తెలుగువాళ్ళ మధ్య ఇది మామూలే. నా పై అధికారే నా చేతి పులిహోర డబ్బాలో పెట్టించుకుని వెళ్ళేవాడు.

పరీక్షలు రాష్ట్రం ఉత్తరపు కొసన, మంచు మైదానంలో జరిగాయి. ఆ వారం నేను ట్రాయ్‌లోనే ఉండిపోయాను. ఫలితాలు వచ్చాయి. గట్టిపడ్డ మంచు మీద ఒకే వేగం నుంచి బ్రేకు తొక్కితే ఇరవై ఒకటీ పందొమ్మిదీ ఇంచుమించు ఒకే దూరంలో ఆగాయట. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదానికి అది పొసగలేదు. పొసగలేదు గనక తప్పు అని అనలేను. కాగితాలు తిరగేసి చూస్తే కంట్రోల్ టైరు ఉదయం ఒక్కసారే పరిగెత్తింది.

ఈ కంట్రోల్ టైరు సంగతి చెప్పాలి. మంచు రోజంతా ఒకలా ఉండదు. పొద్దున యంత్రంతో చదును చేసినప్పుడు గరుకుగా ఉంటుంది. కార్లు తిరిగేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ నునుపెక్కి అద్దంలా తయారవుతుంది. అందుకని ఎప్పుడూ మార్చని ఒక టైర్ల సెట్టును మొదట్లో, మధ్యలో, చివర్లో పరిగెత్తిస్తారు. దాని ఫలితం మారితే, మారింది మంచు అని అర్థం. ఆ మేరకు మిగతా అంకెల్ని సరిదిద్దుతారు. ఒక్కసారే పరిగెత్తిస్తే సరిదిద్దడానికి ఏమీ ఉండదు.

మైదానంలో టెస్ట్ డ్రైవరు డేల్‌కు ఫోన్ చేశాను. ఆ రోజు ఏది ముందు, ఏది తర్వాత అని అడిగాను. ఫొటోగ్రాఫర్లు వచ్చారనీ, ఎవరూ తొక్కని మంచు మీద పెద్ద చక్రాల బొమ్మలు కావాలన్నారనీ, అందుకని ఇరవై ఒకటిని పొద్దున్నే తీశామనీ, పందొమ్మిది భోజనాలయ్యాక వచ్చిందనీ చెప్పాడు. ఎవరూ మోసం చేయలేదు. బొమ్మ బాగా రావాలని చూశారంతే.

ఆ శనివారం మురళి ఇంట్లో భోజనాలు. మగవాళ్ళంతా కింద బేస్‌మెంట్‌లో క్రికెట్ చూస్తున్నారు. మురళి ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, సోమవారం సంతకం పెట్టేస్తావ్ గదా? డేటా వచ్చింది గదా."

"రాలేదు. పొద్దుటి మంచు మీద ఒకటీ, మధ్యాహ్నపు మంచు మీద ఒకటీ వచ్చాయి. అవి రెండు వేర్వేరు పరీక్షలు."

"ఏందక్కా నువ్వు! అంత మంచి బండికి పందొమ్మిది ఏస్తే ఎట్లుంటదో తెల్సా? పట్టుచీర కట్టుకుని హవాయి చెప్పులు ఏసుకున్నట్టుంటది. అట్ల పెళ్ళికి పోతావా?"

"మంచులో పెళ్ళయితే బూట్లేసుకుని వెళ్తాను. మీ పెళ్ళి రిసెప్షన్‌కి అలాగే వచ్చాను."

మురళి భార్య ఉష పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "పోయినేడు నా వ్యాన్‌కి రిమ్ములు చిన్నవి వేయించమని చెప్పింది అక్కే కదా. మీరే దగ్గరుండి వేయించారు," అంది.

"నీ వ్యాన్ ఎవడు చూస్తడే?"

"అంటే మనుషులు చూసే బండి జారినా ఫర్వాలేదా?"

మురళి నవ్వేశాడు. కానీ ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. "అక్కా, నేను అడుగుతున్న. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది మురళీ. మధ్యాహ్నపు మంచు మీద లేదు. అయినా ఇక్కడ అక్కా అని పిలిచి, అక్కడ సంతకం అడక్కు. ఆ మాట ఆఫీసులో, ఆఫీసు భాషలో అడుగు. జవాబు కూడా అక్కడే చెబుతాను."

సోమవారం అడిగాడు. గది తలుపు వేసి, శారద అని పిలిచి, ఇంగ్లీషులో అడిగాడు. ఆలస్యమైతే ఆ ఏటి శీతకాలానికి ప్యాకేజీ అందదన్నాడు. నేను చేయకపోతే సంతకం ఇంకొకరి చేత చేయిస్తానన్నాడు. ప్రోగ్రాంలో నా చోటు గురించి కూడా ఆలోచించుకోవాల్సి వస్తుందన్నాడు. పదవీ విరమణకు దగ్గరైనవాళ్ళను అలా పక్కకు జరపడం కొత్త కాదు. అలా జరిగినవాళ్ళు ముగ్గురు నాకు తెలుసు. ఇంట్లో మా ఆయన కూడా, రెండేళ్ళు ఓర్చుకుంటే గౌరవంగా బయటికి వస్తావు కదా అన్నారు.

నేను చెప్పింది ఇంతే. ఇంకొకరి చేత చేయించుకోవచ్చు, అది మీ హక్కు. మా కంపెనీ నియమం ప్రకారం రిలీజ్ ఇంజనీరు నిరాకరిస్తే కారణం రాసి భద్రతా కమిటీకి పంపాలి. అది నా బాధ్యత. కారణం ఒక్క పేరాలో రాస్తాను. అలా కాకపోతే మైదానంలో నాకొక్క పూట ఇవ్వండి. మీరూ రండి.

ఆ కమిటీ ముందుకు పేరా వెళ్ళడం ఏ చీఫ్ ఇంజనీరుకూ ఇష్టం ఉండదు. ఒక పూట ఇచ్చాడు.

ఆ పూట పరీక్ష క్రమం నేనే రాశాను. మొదట కంట్రోల్, తర్వాత ఇరవై ఒకటి, మళ్ళీ కంట్రోల్, తర్వాత పందొమ్మిది, చివర మళ్ళీ కంట్రోల్. మంచు బాగున్న వేళను ఇరవై ఒకటికే వదిలాను. పందొమ్మిదికి అనుకూలంగా చేశానన్న మాట ఎవరూ అనకూడదని. డేల్ నడిపాడు. కంట్రోల్ టైరు మొదటిసారి కన్నా రెండోసారి, రెండోసారి కన్నా మూడోసారి దూరం పోయి ఆగింది. మంచు మారుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ తేడా తీసేసి చూస్తే, ఇరవై ఒకటి మీద కారు మరో కారు పొడవు ఎక్కువ దూరం పోయి గాని ఆగలేదు.

మురళి అంకెలు చూశాడు. కొనేవాడు అంకెలు నడపడు, బండి నడుపుతాడన్నాడు. ఇరవై ఒకటి మళ్ళీ బిగించమని, తనే స్టీరింగ్ పట్టుకుని వాలూ మలుపులూ ఉన్న పరీక్ష దారి చుట్టు మీదికి వెళ్ళాడు. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, మోటార్లే చక్రాల్ని పట్టి ఆపుతాయి. ఎండిన రోడ్డు మీద అది హాయి. మంచు మీద, వాలులో, మలుపులో అది బ్రేకు తొక్కినట్టే. మేం షెడ్డు ముందు నిలబడి చూస్తుండగానే కారు మలుపు తిరగాల్సిన చోట తిరక్కుండా, ఏ తొందరా లేకుండా, నేరుగా పోయి పక్కనున్న మంచు గట్టులో ముక్కు పెట్టింది.

నా చేతిలోని వాకీటాకీ రేడియోలో తెలుగు వినపడింది.

"అక్కా... ఉన్నవా?"

"ఉన్నాను. దెబ్బ తగిలిందా?"

"లేదు. అక్కా, జర ఎవరికీ చెప్పకు."

"మురళీ, ఇది అందరూ వినే ఛానెల్."

డేల్ అప్పటికే ట్రక్కు స్టార్ట్ చేస్తున్నాడు. అక్కా అంటే ఏమిటని నన్నడిగాడు. తనకన్నా పెద్దదైన తోబుట్టువును అలా పిలుస్తారని చెప్పాను. కారును లాగి తెచ్చేసరికి ఆ మైదానంలో పనిచేసేవాళ్ళందరికీ నేను అక్కనైపోయాను. "అక్కా, రెడీ ఫర్ ద నైన్‌టీన్స్?" అని అడిగాడొకడు. ఆ మాట నా మీద ప్రయోగించడం మొదలుపెట్టిన మనిషి పక్కనే నిలబడి బూట్లలోంచి మంచు దులుపుకుంటున్నాడు.

పందొమ్మిది బిగించి అదే వేగంతో అదే చుట్టు తిరగమన్నాను. తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. మూడోసారి ఎవరూ అడక్కుండానే తిరిగాడు. దిగి వచ్చి, "బండి మాట వింటున్నది," అన్నాడు. గట్టులోకి పోయిన సంగతి నేను రిపోర్టులో రాయలేదు. ఒక్కసారి జారడం ఒక సంఘటన, కొలత కాదు. కొలిచినవే రాశాను.

మార్కెటింగ్ వాళ్ళు ఊరుకోలేదు. మధ్యేమార్గంగా ఇరవై అంగుళాలు పెడదామన్నారు. తప్పకుండా, అదే క్రమంలో, కంట్రోల్ మూడుసార్లు పరిగెత్తించి పరీక్షిద్దాం అన్నాను. మళ్ళీ ఎవరూ అడగలేదు. పందొమ్మిది మీద సంతకం చేశాను. ఫొటోగ్రాఫర్లు తీసిన బొమ్మలు చాలా బాగున్నాయి. ప్యాకేజీలో అమ్మని చక్రాలు వాటిలో ఉన్నాయి గనక ప్యాకేజీ బ్రోషరులో ఆ బొమ్మలు వాడవద్దని రాసి పంపాను. వాడలేదు. అందుకూ కోపమొచ్చింది వాళ్ళకు.

తర్వాతి ప్రోగ్రాం నాకు ఇవ్వలేదు. మిగిలిన రెండేళ్ళూ పికప్ ట్రక్కుల స్పేర్ చక్రాలు చూడమన్నారు. అది శిక్ష అనుకుని ఇచ్చారు. స్పేర్ చక్రాన్నీ పరీక్షించవలసిన తీరులోనే పరీక్షించాను, రెండింటిని వెనక్కి తిప్పి పంపాను. మురళి శనివారాలు రావడం మానలేదు, అక్కా అనడమూ మానలేదు. పులిహోర డబ్బా కూడా మానలేదు. ఆఫీసు సంగతి మాత్రం వంటింట్లో మళ్ళీ ఎత్తలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. అబద్ధపు అంకెలతో ఎవరూ రారు. నిజమైన అంకెలే, తమకు అనువైన వేళ తీసినవి, పట్టుకొస్తారు. పరీక్ష ఏ క్రమంలో జరగాలో నిర్ణయించినవాళ్ళే ఫలితం సగం రాసేస్తారు. అందుకని ఆ క్రమం నా కళ్ళతో చూడని పరీక్ష మీద ఆ తర్వాత నేను సంతకం పెట్టలేదు, శారద అని పిలిచి అడిగినా, అక్కా అని పిలిచి అడిగినా.