సంగటి మింగడం నేర్పిన నాగరత్నమ్మ

నాగరత్నమ్మ మనుషుల్ని సంగటితో తూచేది. రాగిముద్దను నమిలేవాడు ఒక రకం, మింగేవాడు ఇంకో రకం. రామకుప్పంలో వాళ్లింటికి వెంకటముని పెళ్లిచూపులకొస్తే, ఆమె తలుపు చాటునుంచి అతని గొంతు మాత్రమే చూసింది. మూడు ముద్దలు చప్పుడు లేకుండా దిగిపోయాయి. సరేనంది. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆ లెక్క తప్పలేదని అందరికీ చెప్పుకునేది.

అంతటి మనిషి చేసిన సంగటి, 1999 జూన్‌లో, కుప్పం స్టేషన్‌నుంచి గంపతో సహా తిరిగొచ్చింది.

కార్గిల్‌లో యుద్ధం జరుగుతోంది. సైనికుల బండి కుప్పంలో పది నిమిషాలు ఆగుతుందని తెలిసి, నాగరత్నమ్మ వీధిలోని ఆడవాళ్లు తలా ఒక వంట చేసి పట్టుకెళ్లారు. చపాతీలు, పులిహోర చూస్తుండగానే అయిపోయాయి. నల్లగా, నున్నగా ఉన్న ముద్దను మాత్రం ఒక జవాను ఎగరేసి పట్టుకుని, పక్కవాడి మీదికి విసిరేట్టు చెయ్యెత్తాడు. బోగీ అంతా నవ్వింది. మరొకడు కొరికి, నమిలి, పళ్లకు అతుక్కున్నదాన్ని వేలితో గీక్కుంటూ కూర్చున్నాడు.

"రేపట్నుంచి నువ్వు మంచినీళ్లు పొయ్యక్కా," అంది రేఖ. ఆ గుంపుకు పెద్ద రేఖే. బీయస్సీ చదివింది. రెండేళ్ల కూతురికి ఇడ్లీ అయినా చిదిమి, గట్టి ముక్క ఉందేమోనని వేలితో వెతికి గానీ పెట్టదు. "యుద్ధానికి పోయేవాళ్లు. గొంతుకు అడ్డం పడితే ఎవురు జవాబు చెప్పల్ల?"

"సంగటి అడ్డం పడి సచ్చినోణ్ణి యాడన్నా సూసినావా?"

"నమిల్తే అతుక్కుంటాది గదా."

"నమలమని ఎవురు సెప్పినారు వాళ్లకు?" అని, అంతలోనే ఆగిపోయింది నాగరత్నమ్మ. మింగమని మాత్రం ఎవరు చెప్పారు? ఈ సీమలో పుట్టినవాడికి ఆ సంగతి చెప్పే అవసరమే రాదు.

"ఇంకొక్క బండికి పెట్టనియ్యమ్మా రేఖా. ఈసారీ తిరిగొస్తే గంప ముట్టను. నీళ్ల బిందే మోస్తా."

మర్నాడు నూకలు మెత్తగా ఉడికించి, పిండి పోసి, ఉండ కట్టకుండా గెలికింది. వెంకటముని పొయ్యి దగ్గరికొచ్చి, "ఆ ఇంజనుకు గూడా ఒక ముద్ద పెట్టు, కాశ్మీరు దాకా ఆగకుండా పోతాది," అన్నాడు. ఆమె కట్టె చూపించేసరికి బయటికి నడిచాడు.

బండి ఆగింది. నాగరత్నమ్మ ఎవరికీ ఏమీ పెట్టలేదు. బోగీ తలుపుకెదురుగా ప్లాట్‌ఫారం మీద బాసింపట్టు వేసుకుని, విస్తరాకులో ముద్ద, వంకాయ పులుసు పెట్టుకుని తానే తినసాగింది.

"పెట్టేదానికొచ్చి తింటాండావా అక్కా!" అని అరిచింది రేఖ.

జవాన్లు తలలు బయటపెట్టారు. నాగరత్నమ్మ చిన్న తునక తుంచి, పులుసులో దొర్లించి, తల కొంచెం వెనక్కి వంచి, గుటుక్కున మింగి, గొంతు చూపించింది. "నమలద్దు నాయనా. ఇట్ల!"

మీసాల జవాను ఒకడు దిగివచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తునక నోట్లో వేసుకోగానే దవడలు ఆడాయి. నాగరత్నమ్మ వాడి చెంప మీద తట్టింది. "ఆ దవడ ఆపు!"

అర్థం చెప్పేవాళ్లు అక్కర్లేకపోయింది. బోగీ గొల్లుమంది. ఆమె మళ్లీ తిని చూపింది. వాడు మళ్లీ నమిలాడు. అలా తునక మీద తునకగా నాలుగు ముద్దలు ఆమె కడుపులోకే పోయాయి. ఇంక మూడు నిమిషాలే ఉన్నాయి. రేఖ ఒక కన్ను గడియారం మీద, ఒక చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని నిలబడింది.

ఐదోసారి వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గొంతు ఒక్కసారి పైకీ కిందికీ కదిలింది. కళ్లు తెరిచి, కడుపు తడుముకుని, "ఔర్ దో, మా జీ!" అంటూ ఇంకో ముద్దకు చెయ్యి చాపాడు.

ఇక ఆగలేదు. ఎవడు మింగుతాడు, ఎవడు నములుతాడని పందేలు మొదలయ్యాయి. నమిలినవాణ్ణి పక్కవాళ్లు వీపు మీద చరిచారు. కూత వేసి బండి కదిలేసరికి ఆఖరి ముద్ద కిటికీలోంచి లోపలికి వెళ్లింది.

రేఖ ఖాళీ గంపలోకి తొంగి చూసి, నాగరత్నమ్మ పక్కన చతికిలబడింది.

"ఎల్లుండి ఇంకో బండి ఉండాదంట. ఎంత పిండి కావల్ల అక్కా?"

"ముందు నన్ను పైకి లేపు తల్లీ," అంది నాగరత్నమ్మ, పొట్ట పట్టుకుని. "తర్వాత సెప్తా."