ధర కలిపి చెప్పిన నిజం

ఒక నిజం చెప్పినందుకు మా పల్లె నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పును ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. దొంగసొత్తు కూడా ఇంత బరువుండదేమో.

పేరు చెప్పను. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె, అందులో ఉన్న ఒకే ఒక కిరాణా దుకాణం మాది. ఇంతవరకు తెలిస్తే చాలు. మాటలు సరిగ్గా రాకముందే బేరం నేర్చినవాణ్ణి. మా ఇంట చేప తినరు. చేప మీద వచ్చే లాభానికి మాత్రం ఆ నియమం లేదు. పల్లెవాళ్ల దగ్గర ఎండు నెత్తళ్లు కొని విజయనగరం పంపేవాణ్ణి.

అరవైల చివర్లో ఒక ఏడాది, రేడియో పెడితే చాలు, తుఫానులే. క్యూబాలో ఒకటి, జపానులో ఒకటి, ఫిలిప్పీన్సులో వరసగా. పల్లె మొత్తానికి ట్రాన్సిస్టరు నాకే ఉండేది. ఇసక మీద చేప ఆరబోసినవాడికి వానంటే భయం. అందుకని దగ్గరికెళ్లి, ‘తుఫానట, తడిస్తే పురుగే, వచ్చిన ధరకు ఇచ్చెయ్’ అనేవాణ్ణి. జపాను తుఫానును కూడా కళింగపట్నం దాకా నడిపించుకొచ్చిన ఘనుణ్ణి. మొదట్లో నమ్మారు, తర్వాత నవ్వారు. నా తుఫానంటే బేరంలో మొదటి మాట, అంతే. నిజంగా గాలి వచ్చేటప్పుడు మాత్రం దుకాణం ముందు నిలబడి, గొంతు మార్చి, ధర ఊసెత్తకుండా చెప్పేవాణ్ణి. ఆ తేడా పల్లెలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఎర్రయ్య తెప్ప మీద ఒంటరిగా వేటకు పోయే మొండివాడు. ఆ వేసవిలో, సంతలో, జనం మధ్య నా తక్కెడ లాక్కుని తలకిందులు చేశాడు. రాళ్లు వేసే పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్ద బయటపడింది. అంటించింది నేనే. తప్పు నాదే. అయినా కోపం నాకే వచ్చింది. వాడు ఆ ముద్ద గిల్లి నోట్లో వేసుకుని, చప్పరించి, “పుల్లగున్నాది” అన్నాడు. సంతంతా నవ్వింది. అప్పటి నుంచి నేను సింతపండు సావుకారుని. పిల్లలు పిలిచారు, పెద్దలు పిలిచారు. చారుకు చింతపండు పిసుకుతూ నా భార్య కూడా పక్కకు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వుకూ ఎర్రయ్యనే తిట్టుకున్నాను.

కక్ష బేరగాడికి గిట్టదనుకునేవాణ్ణి. గిట్టింది. రోజూ స్నానం చేస్తూ, వాడు తెప్ప పోగొట్టుకుని తడిగుడ్డలతో నా గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నట్టు ఊహించుకునేవాణ్ణి. కాదు పొమ్మనేవాణ్ణి. ఆ ఊహతో నీళ్లు కూడా వెచ్చగా తగిలేవి.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు: వాయుగుండం బలపడింది, వేటకు ఎవరూ వెళ్లరాదు. ఆ రోజు పల్లెలో పెళ్లి. మగవాళ్లంతా పందిట్లో ఉన్నారు. ఎర్రయ్య ఒక్కడే ఒడ్డున తెప్ప దుంగలు కట్టుకుంటున్నాడు. ఎవరూ పోని రోజు చేపకు గిరాకీ అని వాడి ఆలోచన. వాడి భార్య పైడమ్మ పక్కన నెత్తళ్లు తిరగేస్తోంది. గొడుగు వేసుకుని వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను. నిజంగా చెప్పడానికేనా? ఇసక మీదికి దిగేదాకా అవుననే అనుకున్నాను.

“ఏటి సింతపండు సావుకారూ, పెళ్లి కూడు మానీసి ఇటొచ్చినావు?”

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆగి, వేషం మార్చుకుని బయటికొచ్చింది.

“తుఫానొస్తన్నాది ఎర్రయ్యా. రేడియోలో సెప్పినారు. ఆ నెత్తళ్లు సగం ధరకిచ్చీ. తడిస్తే అదీ రాదు.”

వాడు తాడు బిగిస్తూనే పగలబడి నవ్వాడు. “నీ తుఫానూ నీ తక్కెడా ఒకలాటివే సావుకారూ. కింద సింతపండు ఉంటాది. ఈపాలి ఏ దేశందేటి?”

“మనదేరా,” అన్నాను. అదీ నిజమే. కానీ నవ్వుతూ అన్నాను.

“సూడే పైడీ, మనకోసరం తుఫాను మోసుకొచ్చినాడు!” అంటూ తెప్పను నీళ్లలోకి తోశాడు.

నేను అబద్ధమాడలేదు. చెప్పిన నిజానికి ధర కలిపాను, అంతే. ధర కలిపితే వాడు నమ్మడని నాకు తెలుసు. గొంతు మార్చి ‘ఒద్దురా’ అంటే ఆగేవాడు. తెప్ప కెరటాలు దాటేదాకా సమయం ఉంది. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. చస్తాడనుకున్నానా? లేదు, భయపడి తిరిగొస్తాడు, పొగరు అణుగుతుంది, అంతవరకే అనుకున్నాను అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మీతో ఆ బేరం ఆడను. కెరటం తెప్పను పైకెత్తినప్పుడు నాకు హాయిగా ఉంది. అది బాగా గుర్తుంది.

అక్కణ్ణించి నేరుగా పందిట్లోకి వెళ్లి, ధర ఊసు లేకుండా, అందరికీ చెప్పాను. పరుగెత్తి పడవలు పైకి లాక్కున్నారు. ఎర్రయ్యేడని అడిగారు. ‘చెప్పాను, నవ్వి పోయాడు’ అన్నాను. సాయంత్రానికి గాలి మొదలైంది. మూడో రోజు తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకొచ్చాయి. ఎర్రయ్య రాలేదు.

“సావుకారు బావు ఎండలో నడిసొచ్చి మరీ సెప్పినాడు. నా సెవుల్తో ఇన్నాను. ఆడే ఇన్నాడు కాదు,” అని పైడమ్మ అందరి ముందూ ఏడుస్తూ మొగుణ్ణి తిట్టింది. నేనడిగిన సగం ధర మాట మాత్రం ఆమె నోట రాలేదు. పగవాడని చూడకుండా చెప్పాడే అని పెద్దలు నన్ను మెచ్చుకున్నారు. సింతపండు పేరు ఆ రోజుతో పోయింది. నేను కోరుకున్నదంతా దక్కింది.

ఆ తర్వాత పైడమ్మ నాతో బేరమాడలేదు. “నువ్వెంతంటే అంతే బావు. నీ మాట ఇనకే కదా ఆడు పోయినాడు,” అంటుంది. ఒక పైసా ఎక్కువే ఇస్తాను. దానికీ నాకే మంచిపేరు. ఆమెకెందుకు చెప్పలేదు? భయం. భయమొక్కటే అంటే మళ్లీ అబద్ధం. వాడు చప్పరించిన చప్పుడు ఇప్పటికీ చెవిలో పడుతుంది, పళ్లు కొరుకుతాను. కక్ష ఇంకా మిగిలే ఉంది. వాడే లేడు.

మొన్న పైడమ్మ దుకాణానికి వచ్చి ఆకాశం చూపించింది. “మబ్బట్టినాది బావు. ఆరబొయ్యనా, ఒద్దా?” ముసలిదైంది, చూపు ఆనదు. పొయ్యమన్నాను. మారు మాట్లాడకుండా వెళ్లి తట్టెడు నెత్తళ్లూ ఇసక మీద పోసింది. ఆమె అవి ఎత్తుకునేదాకా నేను అరుగు దిగలేదు. మబ్బునే చూస్తూ కూర్చున్నాను. వాన పడలేదు.

ఆమెకు చెబుతానని మాటివ్వను. మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మళ్లీ బేరమవుతుంది. ఎర్రయ్య విషయంలో ధర కలపకుండా నేను చెప్పిన నిజం ఇదొక్కటే.