నేను ప్రెసిడెంటు కావలసిన ట్రస్టు

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, వాట్సాప్ గ్రూపులు అప్పటికే ఉన్నాయి) నాకొక గట్టి నమ్మకం ఉండేది. మల్కాపురంలో మా ట్రస్టు నా వల్లే నడుస్తోందని. (అక్కడున్న ప్రతివాడికీ అదే నమ్మకమని తరవాత తెలిసింది.) పగలు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమస్తా పని, సాయంత్రాలు ట్రస్టు పని. కాళ్లు విరిగినవాళ్లకీ, పక్షవాతం వచ్చినవాళ్లకీ వీల్‌చైర్లు, తల ఎత్తే ఆసుపత్రి మంచాలు ఇంటికి పంపించి, నయమయ్యాక వెనక్కి తెచ్చుకునేవాళ్లం. ట్రస్టు పెట్టింది పోర్టులో రిటైరైన ఒక పెద్దాయన. మొదట్నుంచీ ఆయనే ప్రెసిడెంటు కాబట్టి అందరం 'ప్రెసిడెంటు మావ' అనేవాళ్లం. నేను జాయింట్ సెక్రటరీని.

మావకి చెవులు మందగించాయి. అయినా ఫోను ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒకసారి తుంటి విరిగిన ముసలాయనకి మల్కాపురంలో మంచం కావాలంటే, మావ 'మధురవాడ' అని విని ఊరికి ఆ చివరకి పంపించాడు. ముసలాయన సాయంత్రం దాకా నేలమీదే పడుకున్నాడు. దాంతో మా బోర్డులో ఉన్న డాక్టరమ్మ మీటింగులో లేచి, "మావయ్యగారూ, ఒక్కరే ఎల్లకాలం ఉండకూడదని మన నియమాల్లో మీరే రాయించారు. ఇంక మారుద్దాం," అన్నారు. "సరేనమ్మా, దిగిపోతాను. మంచివోణ్ణి సూసుకోండి," అన్నాడు మావ. 'మంచివోణ్ణి' అన్నప్పుడు నాకేసే చూశాడనిపించింది. (నా వెనక గోడ గడియారం ఉంది.)

ఎన్నిక రోజుకి ద్వారకా నగర్‌లో కొత్త షర్టు కొనుక్కున్నాను. కొత్త ప్రెసిడెంటుకి దండ తెమ్మని నాకే పురమాయిస్తే, పూర్ణా మార్కెట్‌కి వెళ్లి నా మెడలో వేసుకు చూసుకుని మరీ కొన్నాను. తీరా డాక్టరమ్మ చెప్పిన పేరు నాది కాదు. స్టీల్ ప్లాంటులో పనిచేసే గోదావరి మనిషిది. మాలో చేరి ఏడాది కూడా కాలేదు. ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటాడని మేం 'ఆయ్ బావ' అని పేరు పెట్టాం. చప్పట్లు మోగాయి. దండ నా చేతిలోనే ఉంది. వేశాను. "భలే దండ తెచ్చారండి బాబూ!" అన్నాడు.

అప్పట్నుంచి ఆయనలో నాకు నచ్చింది ఒక్కటీ లేదు. మంచం మోసేటప్పుడు బరువైన వైపు తనే పట్టుకునేవాడు. చూపించుకోవడానికేనని నేను తీర్మానించాను. ముసలమ్మలు నాకు మంచినీళ్లిచ్చి ఆయనకి టీ ఇచ్చేవారు. (ఇది నేనింకా మర్చిపోలేదు.) ఎవరైనా ఫోనులో అడ్రసు చెప్తే మళ్లీ ఒకసారి చదివి వినిపించేవాడు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని మరింత మండేది.

మావ మాత్రం దిగిపోయాక కూడా రోజూ వచ్చి పాత కుర్చీలోనే కూర్చునేవాడు. ఆయ్ బావ పక్కన స్టూలు మీద సర్దుకునేవాడు. నాకది పండగ. "మావా, నువ్వు దిగిపోయిన కాడ్నించి ట్రస్టు ట్రస్టులా నేదు," అని మావ చెవిలో గట్టిగా ఊదేవాణ్ణి. "ఔనేటి?" అనేవాడు కళ్లు మెరిపిస్తూ. "మరేటి! జనం నీ గురించే సెప్పుకుంతన్నారు." ఆయ్ బావ విసిగిపోయి వదిలేస్తే ఆ ఖాళీలో నేను దూరొచ్చని నా ఎత్తు.

తరవాతి మీటింగులో మావ లేచాడు. "జనం నన్నే కోరతన్నారట. ఈడే సెప్పాడు," అని నా భుజమ్మీద చెయ్యేశాడు. "నాను మళ్లీ ఎక్కుతాను. నా తరవాత మా అల్లుడు సూసుకుంతాడు." గోపాలపట్నంలో టైల్స్ కొట్టున్న అల్లుడు వెనకనించి లేచి అందరికీ దణ్ణం పెట్టాడు. నేను దూరదామనుకున్న ఖాళీలో ఆయన దూరేలా ఉన్నాడు. చేతులెత్తమంటే బోర్డు సగానికి సగం చీలింది. నేనొక్కణ్ణే మిగిలాను. "ఎత్తరా, ఏటాలోసిత్తన్నావ్?" అని మావ గదిమాడు. ఆయ్ బావ, "మీ మనసుకి ఎలా తోస్తే అలాగేనండి. మంచాలు ఆగకుండా వెళ్తే చాలండి," అన్నాడు. ఆ మాటకి మనసు కరిగిపోయిందని రాసుకోవాలని ఉంది. కానీ ఆయ్ బావ మీద అసూయ పాతది, అలవాటైపోయింది. టైల్స్ అల్లుడి మీద అప్పుడే పుట్టింది, సలసల కాగుతోంది. అదే గెలిచింది. ఆయ్ బావ వైపు చెయ్యెత్తాను.

మావ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయ్ బావ నన్నూ లాక్కుని మావ ఇంటికెళ్లాడు. "ఫోను మాకొదిలేయండి. మంచం దింపే ఇళ్లకి మాతో రండి. మీరు కబుర్లు చెప్తే రోగి లేచి కూర్చుంటాడండి." మావ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "టీ తాగుతార్రా?" అన్నాడు. తరవాత ప్రతి ఇంటికీ వచ్చి పోర్టు ముచ్చట్లు చెప్పేవాడు. ఆ ముచ్చట్ల కోసం నయమైనా మంచం వెనక్కివ్వనివాళ్లున్నారు.

పదవీకాలం అయ్యేసరికి అందరూ బతిమాలినా ఆగకుండా ఆయ్ బావ దిగిపోయాడు. వీడ్కోలు సభకి జనం వాకర్లు పట్టుకుని మరీ వచ్చారు. కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది నేను. "వీడికి ఆయనంటే ఎంత ప్రేమో!" అన్నారు డాక్టరమ్మ. ప్రేమ లేదనను. కానీ ఏడుస్తూనే హాలంతా ఓసారి కలయజూశాను, నేను వెళ్లిపోయేనాడు ఇందులో సగం మందైనా వస్తారా అని. అంత మంచి మనిషి వెళ్లిపోతుంటే జనాన్ని కొలుచుకుంటూ ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడి వీపు మీద ఓసారి తట్టి, ఓ టీ ఇప్పించాలనిపిస్తుంది.